కన్ను చెప్పిన కబురు

(వయోజన విద్యా కేంద్రంలో ఒక వలంటీరు పంతులమ్మ చేసిన ప్రసంగం)



ఈ రోజు పలకలు పక్కన పెట్టండి. పుస్తకం కూడా తెరవొద్దు. కాసేపు నా మాట వినండి. మధ్యలో ఏదైనా అడగాలనిపిస్తే అడగండి. మొహమాటపడొద్దు.

నేను డాక్టర్ని కాను. నర్సుని కూడా కాను. టీచర్ ట్రైనింగ్ చదివాను. పగలు పిల్లలకు, రాత్రి మీకు పాఠం చెప్తున్నాను. మరి జబ్బుల గురించి మాట్లాడే పని నాకేమిటి? మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. అలాంటిది మీ ఇంట్లో జరగకూడదు. అందుకే చెప్తున్నాను. ఇందులో వైద్యం సంగతులు డాక్టర్లను అడిగి తెలుసుకున్నాను. పుస్తకాలు చూసి సరిచూసుకున్నాను.

మా అమ్మమ్మ

మా అమ్మమ్మకు చక్కెర జబ్బు ఉండేది. మనం షుగరు అంటాం. అది ఎన్నాళ్ళ నుంచి ఉందో ఎవరికీ తెలియదు. దానితోపాటు మోకాళ్ళ నొప్పులు. కొట్టుకు వెళ్ళి నొప్పి బిళ్ళలు తెచ్చుకునేది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకునేది. ఆ బిళ్ళ వేసుకునే నాట్లకు పోయేది. కలుపుకు పోయేది. అలా ఏళ్ళ తరబడి నడిచింది.

ఒక ఏడు కాళ్ళు వాచాయి. "వయసు మీద పడింది" అన్నారు. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బేది. "నిద్ర చాల్లేదు" అన్నారు. అన్నం సయించలేదు. "వేడి చేసింది" అన్నారు. అందరూ ఏదో ఒకటి అన్నారు. పరీక్ష మాత్రం ఎవరూ చేయించలేదు.

చివరికి ఆయాసం వచ్చింది. అప్పుడు పట్నం తీసుకెళ్ళాం. రెండు కిడ్నీలూ దాదాపు పనిచేయడం మానేశాయని చెప్పారు. ఇక మిషను మీద రక్తం శుభ్రం చేయాలన్నారు. దాన్నే డయాలసిస్ అంటారు. వారానికి మూడుసార్లు. ఒక్కొక్కసారి నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కాబట్టి మిషనుకు డబ్బు కట్టలేదు. కానీ బస్సు చార్జీలు ఎవరిస్తారు? తోడు వెళ్ళినవాళ్ళ కూలి ఎవరిస్తారు? మా అమ్మ బట్టలు కుడుతుంది. ఆ మిషను ఆగిపోయింది. ఈ మిషను చుట్టూ తిరిగింది. ఏడు నెలలు అలా గడిచాయి. తర్వాత అమ్మమ్మ పోయింది.

పోయాక అందరం ఏడ్చాం. ఆ తర్వాత మరిచిపోయాం. మరిచిపోవడమే మేం చేసిన తప్పు.

దేవుడి పటం వెనక కాగితం

రెండేళ్ళకు మా అమ్మకూ షుగరు బయటపడింది. బిళ్ళ రాసిచ్చారు. అమ్మ వేసుకుంటోంది. "నాకేం, బాగానే ఉన్నా" అనేది. నిజంగానే బాగా కనిపించేది. పొద్దున నాలుగింటికి లేచేది. పని చేసుకునేది.

ఒకసారి ఒంట్లో నలతగా ఉంటే పట్నంలో ఒక క్లినిక్కుకు వెళ్ళింది. అక్కడ రక్తం తీశారు. మూత్రం పట్టారు. కాగితం చేతిలో పెట్టారు. "తర్వాత రండి" అన్నారు. కాగితంలో ఏముందో ఎవరూ చెప్పలేదు. అమ్మ అడగలేదు. కాగితం మడిచి ఇంటికి తెచ్చింది. దేవుడి పటం వెనక పెట్టింది. మనం కాగితాలు అక్కడే పెడతాం కదా!

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఆ కాగితం నేను చూశాను. అప్పుడు నేను ట్రైనింగులో ఉన్నాను. పండక్కి ఇంటికొచ్చాను. పటం తుడుస్తుంటే కాగితం కింద పడింది. విప్పి చదివాను. అంతా ఇంగ్లీషు. ఒక వరుసలో 96 అని ఉంది. దాని పక్కనే "30 లోపు ఉండాలి" అని ఇంగ్లీషులో ఉంది. చదివాను. మళ్ళీ మడిచి పెట్టేశాను. చదువుకున్న దాన్ని. అక్షరం చదివాను గానీ సంగతి చదవలేదు.

ఆ కాగితం ఇంకో ఏడాది అక్కడే ఉంది.

సూదిలోకి దారం

ఏడాది తర్వాత అమ్మకు సూదిలోకి దారం ఎక్కడం కష్టమైంది. కళ్ళజోడు కొనుక్కుంది. నాలుగు నెలలకు అది పనికిరాలేదు. ఇంకో జోడు కొనుక్కుంది. అదీ సరిపోలేదు. "చత్వారం వచ్చిందిలే" అనుకున్నాం. అద్దాలు మార్చాం గానీ కన్ను లోపల ఏముందో చూపించలేదు.

అప్పటికి నాకు ఈ ఊళ్ళో పని మొదలైంది. అమ్మను నేనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. కంటిలో చుక్కలు వేశారు. అరగంట కూర్చోబెట్టారు. తర్వాత ఒక మిషను ముందు గడ్డం ఆనించమన్నారు. తళుక్కున వెలుగు వచ్చింది. కన్ను లోపల ఫొటో తీశారు. నొప్పి లేదు. సూది లేదు. రెండు నిమిషాల పని.

డాక్టరుగారు ఆ ఫొటో కంప్యూటర్లో మాకు చూపించారు. నారింజ రంగులో గుండ్రంగా ఉంది. అందులో ఎర్రని నాళాలు చెట్టు కొమ్మల్లా పాకి ఉన్నాయి. వాటి మధ్య చిన్న చిన్న ఎర్రచుక్కలు. అక్కడక్కడా పసుపు మచ్చలు.

డాక్టరుగారు అమ్మను అడిగిన మొదటి మాట ఇది.

"మూత్రం పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారమ్మా?"

అమ్మ నా మొహం చూసింది. బయటికొచ్చాక నాతో అంది. "కన్ను చూడమంటే మూత్రం అంటాడేంటే? ఈయనకు తెలుసో లేదో!"

ఆ డాక్టరుగారు సరిగ్గానే అడిగారు. ఎందుకో ఇప్పుడు చెప్తాను. ఇదే ఈ రోజు పాఠం.

కంటికీ కిడ్నీకీ ఏమిటి సంబంధం?

కన్ను తలలో ఉంది. కిడ్నీలు నడుము పైన, వెనక వైపు ఉన్నాయి. ఒకటి ఈ చివర, ఇంకోటి ఆ చివర. కానీ రెంటికీ ఒక పోలిక ఉంది. రెంటిలోనూ చాలా సన్నని రక్తనాళాలు ఉంటాయి. అవి వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం.

మన పొలానికి నీళ్ళెలా వస్తాయి? పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువకు. పిల్ల కాలువ నుంచి బోదెకు. బోదె నుంచి మడికి. ఒంట్లో రక్తం కూడా అలాగే పారుతుంది. పెద్ద నాళాల నుంచి చిన్న నాళాలకు. కాలువ గట్టు గట్టిది. బోదె గట్టు మెత్తనిది. ముందు తెగేది బోదె గట్టే కదా? షుగరు ఎక్కువైతే ఒంట్లో కూడా అంతే. ఈ సన్నని నాళాల గోడలు ముందే చెడతాయి.

కంటి వెనక ఒక పల్చని పొర ఉంది. దాన్ని రెటీనా అంటారు. మనం చూసే బొమ్మ దాని మీదే పడుతుంది. ఆ పొరలో సన్నని నాళాలు అల్లుకుని ఉంటాయి. షుగరు ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే వాటి గోడలు బలహీనపడతాయి. కొన్నిచోట్ల చిన్న బుడగల్లా ఉబ్బుతాయి. ఫొటోలో ఎర్రచుక్కలు అవే. కొన్నిచోట్ల లోపలి ద్రవం కారుతుంది. ఆ కారిన దానిలోని కొవ్వు పేరుకుంటే పసుపు మచ్చలు కనిపిస్తాయి. కొన్ని నాళాలు మూసుకుపోతాయి. అప్పుడు కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. అవి గట్టివి కావు. చిట్లి కంటిలో రక్తం కారుతుంది. చూపు పోతుంది.

ఇక కిడ్నీ సంగతి. ఒక్కొక్క కిడ్నీలో సుమారు 10 లక్షల చిన్న జల్లెడలు ఉన్నాయి. ఒక్కొక్క జల్లెడ సన్నని రక్తనాళాల ముద్ద. ఈ జల్లెడలన్నీ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల నీటిని రక్తం నుంచి వడకడతాయి. అందులో చాలా భాగం మళ్ళీ రక్తంలోకే పోతుంది. లీటరు నుంచి రెండు లీటర్లు మాత్రం మూత్రంగా బయటికి వస్తుంది. దానితో ఒంట్లోని మలినం పోతుంది.

మనం పిండి జల్లిస్తాం. జల్లెడ బాగుంటే పొట్టు పైనే ఉండిపోతుంది. జల్లెడ చిరిగితే పొట్టు కూడా పిండిలో పడుతుంది. కిడ్నీ జల్లెడ కూడా అంతే. రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు ఉంటుంది. అది ఒంటికి కావలసింది. మంచి జల్లెడ దాన్ని మూత్రంలోకి పోనివ్వదు. జల్లెడ చెడితే ఆల్బుమిన్ కొద్దికొద్దిగా మూత్రంలో పోతుంది. అందుకే మూత్రం పరీక్ష.

ఇప్పుడు అర్థమైందా? షుగరు చేసే పని ఒకటే. కంటిలో సన్న నాళాలు చెడ్డాయంటే కిడ్నీలో కూడా చెడుతున్నాయేమో చూసుకోవాలి. కిడ్నీలోని నాళాలను బయటి నుంచి చూడలేం. కంటిలోని నాళాలను చూడగలం. ఒంట్లో రక్తనాళాలను కోయకుండా, గుచ్చకుండా నేరుగా చూడగలిగే చోటు కంటి వెనక పొర. అందుకే కన్ను ఒక కిటికీ లాంటిది. ఆ కిటికీలోంచి చూసే డాక్టరుగారు మూత్రం సంగతి అడిగారు.

కన్ను లోపల చూడటం ఎలా నేర్చుకున్నారు?

పూర్వం డాక్టర్లకు కూడా బతికున్న మనిషి కన్ను లోపల చూడటం తెలియదు. 1851లో జర్మనీ దేశంలో హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రజ్ఞుడు ఒక పరికరం వివరం ప్రచురించాడు. దానితో కంటిలోకి వెలుగు పంపి లోపలి పొరను చూడవచ్చు. ఆ తర్వాత ఫొటో తీసే మిషన్లు వచ్చాయి.

1961లో అమెరికాలో ఇద్దరు వైద్య విద్యార్థులు ఇంకో పద్ధతి ప్రచురించారు. చేతి నరంలోకి ఒక రంగు మందు ఎక్కిస్తారు. కొద్ది సెకండ్లలోనే అది కంటి నాళాల్లోకి చేరుతుంది. అప్పుడు వరుసగా ఫొటోలు తీస్తారు. నాళం ఎక్కడ కారుతోందో, ఎక్కడ మూసుకుందో కనిపిస్తుంది. తర్వాత ఆ మందు మూత్రంలో పోతుంది. ఒక రోజు మూత్రం పచ్చగా వస్తుంది. భయపడక్కర్లేదు. ఇప్పుడు సూది లేకుండా, రంగు మందు లేకుండా వెలుగుతోనే నాళాలను చూసే మిషన్లు కూడా వచ్చాయి. అవి పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఉంటాయి. కానీ అందరికీ అవి అవసరం లేదు. మామూలు పరీక్షకు మామూలు ఫొటో చాలు.

ఇంకో సంగతి. 2020లో సింగపూర్ పరిశోధకులు ఒక పని చేసి చూపించారు. వేలమంది కంటి ఫొటోలు కంప్యూటరుకు ఇచ్చి నేర్పారు. ఫొటో చూసి ఎవరికి కిడ్నీ జబ్బు ఉండవచ్చో కంప్యూటరు చాలావరకు పట్టుకుంది. చూశారా! కన్ను నిజంగానే కిడ్నీ కబురు చెప్తుందన్నమాట. కానీ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. కంటి ఫొటో మూత్రం పరీక్షకు బదులు కాదు. రెండూ చేయించుకోవాలి.

ఎందుకంటే, కన్ను బాగానే ఉండి కిడ్నీలు చెడిపోయిన వాళ్ళు కూడా ఉన్నారు. పెద్ద వయసులో వచ్చే షుగరులో అలా జరుగుతుంది. షుగరు ఉండి, కన్ను శుభ్రంగా ఉండి, కిడ్నీ మాత్రం చెడితే డాక్టర్లు వేరే కారణం కూడా వెతుకుతారు. నొప్పి బిళ్ళలు కావచ్చు. బీపీ కావచ్చు. కిడ్నీలో రాళ్ళు కావచ్చు. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం పేరు మీరు వినే ఉంటారు. అక్కడ ఎంతోమందికి షుగరు లేకుండానే కిడ్నీలు చెడ్డాయి. కాబట్టి కిడ్నీ జబ్బులన్నీ షుగరు వల్లే అనుకోకూడదు. కన్ను చూస్తే ఆ తేడా తెలుసుకోవడానికి కూడా డాక్టరుకు సాయమవుతుంది.

నొప్పి ఉండదు. అదే ప్రమాదం.

పన్ను నొప్పి వస్తే ఊరుకుంటామా? ఊరుకోం. ముల్లు గుచ్చుకుంటే ఊరుకుంటామా? ఊరుకోం. కానీ ఈ జబ్బు నొప్పి పుట్టదు. కంటి నాళాలు చెడుతున్నా మొదట్లో చూపు బాగానే ఉంటుంది. కిడ్నీ జల్లెడలు చెడుతున్నా మూత్రం మామూలుగానే వస్తుంది. కాళ్ళు వాచేసరికి, ఆయాసం వచ్చేసరికి చాలా ఆలస్యం అయిపోతుంది. మా అమ్మమ్మ అలాగే పోయింది.

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని 2023లో ప్రచురించిన పెద్ద సర్వే చెప్పింది. అందులో మన వాళ్ళు లేరా? ఈ గదిలో ఇరవైమంది ఉన్నాం. మనలోనే ఎవరికి ఉందో, పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

ఆపవచ్చా?

"వచ్చాక ఏం చేస్తాం, రాత" అంటారు మీరు. రాత అని ఊరుకోవద్దు. దీన్ని ఆపడానికి దారి ఉంది.

1993లో అమెరికా, కెనడా దేశాల్లో ఒక పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. చిన్న వయసులో షుగరు వచ్చిన 1441 మందిని ఏళ్ళ తరబడి చూశారు. కొందరికి షుగరు మామూలుగా, కొందరికి గట్టిగా అదుపులో పెట్టారు. గట్టిగా అదుపు చేసిన వాళ్ళలో కంటి జబ్బు కొత్తగా వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. అంటే నాలుగింట మూడు వంతులు. కిడ్నీ జబ్బు కూడా తగ్గింది.

1998లో బ్రిటన్‌లో ఇంకో ఫలితం వచ్చింది. వీళ్ళు మనలాగా పెద్ద వయసులో షుగరు వచ్చినవాళ్ళు. షుగరు బాగా అదుపు చేస్తే సన్న నాళాల జబ్బులు నాలుగో వంతు తగ్గాయి. బీపీ బాగా అదుపు చేస్తే మూడో వంతు కంటే ఎక్కువ తగ్గాయి. అంటే షుగరు ఒక్కటే చూస్తే చాలదు. బీపీ కూడా చూసుకోవాలి.

మీరు అడిగిన మాటలు

పోయిన వారం ఈ సంగతి చెప్తానంటే మీరు కొన్ని ప్రశ్నలు అడిగారు. వాటికి జవాబులు చెప్తాను.

ఒక పెద్దమ్మ అడిగింది. "షుగరు బిళ్ళలు ఎక్కువ వేసుకుంటే కిడ్నీలు పోతాయట కదా పంతులమ్మా?"

చాలామంది ఇదే అంటారు. ఈ మాట నమ్మి బిళ్ళలు మానేస్తారు. ఇన్సులిన్ వద్దంటారు. కిడ్నీని చెడగొట్టేది అదుపు తప్పిన షుగరు, అదుపు తప్పిన బీపీ. డాక్టరు రాసిన షుగరు మందు కాదు. అయితే కిడ్నీలు బలహీనపడితే కొన్ని మందులు మార్చాలి, కొన్ని తగ్గించాలి. అది డాక్టరు చేసే పని. మనంతట మనం మానకూడదు. కిడ్నీలకు నిజంగా చెరుపు చేసేవి కొట్లో తెచ్చుకుని రోజూ మింగే నొప్పి బిళ్ళలు. షుగరు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా అవి వేసుకోవద్దు.

ఒక వదిన అడిగింది. "వేపాకు రసం, కాకరకాయ రసం తాగితే సరిపోదా?"

కాకరకాయ కూర తినండి. మంచిదే. కానీ దాన్ని నమ్మి బిళ్ళ మానేస్తే షుగరు లోలోపల పెరుగుతుంది. రాగి జావ తాగితే షుగరు రాదని కూడా అనుకుంటాం. రాగి జావ కూడా షుగరును పెంచుతుంది. అదీ కొలతతోనే తాగాలి.

ఇంకో అక్క అడిగింది. "కంటిలో చుక్కలు వేస్తే చూపు పోతుందా?"

పోదు. ఆ చుక్కలు కంటిపాపను పెద్దది చేస్తాయి. అప్పుడే లోపల బాగా కనిపిస్తుంది. కొన్ని గంటలసేపు చూపు మసకగా ఉంటుంది. ఎండ చూడలేం. అందుకే ఒంటరిగా వెళ్ళొద్దు. తోడు తీసుకెళ్ళండి. ఎండకు గొడుగు పట్టుకెళ్ళండి. సాయంత్రానికో, మర్నాటికో మామూలు అవుతుంది.

ఒక చెల్లెలు మెల్లిగా అడిగింది. "మా ఆయనకు చేయించాం. నాకెందుకులే అని ఊరుకున్నాను."

ఈ మాటకు నాకు బాధ వేసింది. మనం ఇంట్లో అందరికీ పెట్టి చివర తింటాం. అందరినీ ఆసుపత్రికి తీసుకెళ్ళి మనం చివర వెళ్తాం. చాలాసార్లు వెళ్ళనే వెళ్ళం. మా అమ్మమ్మ కూడా అలాగే చేసింది. ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగరు పరీక్ష ఉచితంగా చేస్తారు. మన ఆశమ్మను, ఏఎన్ఎం అమ్మను అడగండి. ఒక్కరికీ వెళ్ళడం మొహమాటమైతే నలుగురు కలిసి వెళ్ళండి. సంఘం డబ్బు కట్టడానికి కలిసి వెళ్తారు కదా! దీనికీ అలాగే వెళ్ళండి.

ఏం చేయాలి?

షుగరు ఉందని తెలిసిన ఏడాదే కంటి లోపలి పరీక్ష చేయించుకోవాలి. తర్వాత ఏడాదికొకసారి. డాక్టరు ఇంకా ముందే రమ్మంటే వెళ్ళాలి. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష కూడా ఏడాదికొకసారి చేయించుకోవాలి. షుగరు ఉన్న అమ్మాయి గర్భవతి అయితే మొదటి నెలల్లోనే కన్ను చూపించాలి.

ఉప్పు తగ్గించాలి. రోజు మొత్తం మీద ఒక చిన్న చెంచాడుకు మించకూడదు. ఆవకాయలో, అప్పడాల్లో, ఎండు చేపల్లో ఉన్న ఉప్పు కూడా లెక్కలోకి వస్తుంది. అన్నం ఒక గరిటె తగ్గించి, ఆకుకూర ఒక గరిటె పెంచండి. అయితే కిడ్నీ అప్పటికే బాగా చెడినవాళ్ళు ఏం తినాలో డాక్టరునే అడగాలి. వాళ్ళ తిండి వేరు. ఇంట్లో మగవాళ్ళు బీడీ, చుట్ట, సిగరెట్టు మానాలి. మనలో చుట్ట తాగే పెద్దమ్మలు కూడా మానాలి. పొగ రక్తనాళాలను చెడగొడుతుంది.

ఇప్పుడు పలకలు తీసుకోండి

నల్లబల్ల మీద అయిదు అంకెలు రాస్తున్నాను. చదవండి.

126. పరగడుపున రక్తంలో షుగరు ఇంత ఉన్నా, ఎక్కువున్నా షుగరు జబ్బు కావచ్చు. మళ్ళీ పరీక్ష చేసి రూఢి చేస్తారు.

7. మూడు నెలల షుగరు సగటు పరీక్ష ఒకటి ఉంది. చాలామందికి అది 7 లోపు ఉండాలని డాక్టర్లు చూస్తారు. పెద్ద వయసువాళ్ళకు కొంచెం ఎక్కువున్నా ఒప్పుకుంటారు.

130, 80. షుగరు ఉన్నవాళ్ళకు బీపీ ఈ అంకెల లోపు ఉంటే మంచిది.

30. మూత్రంలో ఆల్బుమిన్ లెక్క ఇంత లోపు ఉండాలి. 30 నుంచి 300 దాకా ఉంటే జల్లెడ కారడం మొదలైందని అర్థం. 300 దాటితే ఎక్కువ కారుతోందని అర్థం. ఒక్క పరీక్షతో తేల్చరు. జ్వరం ఉన్నా పెరగవచ్చు. అందుకని మళ్ళీ చేసి చూస్తారు.

కాగితం ఇంగ్లీషులోనే ఉంటుంది. ఉండనివ్వండి. అంకెలు మీకు వచ్చు కదా! ప్రతి వరుసలో రెండుచోట్ల అంకెలు ఉంటాయి. ఒకటి మీ అంకె. రెండోది ఉండాల్సిన అంకె. రెండూ పోల్చండి. మీది ఎక్కువుందా, తక్కువుందా? ఆ మాట డాక్టరును అడగండి. "అయ్యా, ఇక్కడ 30 లోపు ఉండాలని ఉంది. నాకు 96 ఉంది. ఎందుకు?" అనండి. అడిగితే తప్పు లేదు. కాగితం మీద తేదీ కూడా చూడండి. పాత కాగితం పారేయకండి. కొత్తదాని పక్కన పెట్టి చూడండి.

మా అమ్మ సంగతి

ఆ రోజు పెద్దాసుపత్రిలో అమ్మకు మూత్రం పరీక్ష చేశారు. 140 వచ్చింది. ఇంటికొచ్చి దేవుడి పటం వెనక కాగితం తీశాను. 96. ఏడాది కిందటి తేదీ. రెండు కాగితాలూ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ ఏడాది మాకు తిరిగి రాదు.

అమ్మకు ఆ సంగతి చెప్పాను. నేను చూసి కూడా ఊరుకున్నానని చెప్పాను. అమ్మ నన్ను తిట్టలేదు. "నువ్వు చదివేదాకా నేనెందుకు ఊరుకున్నా? నా కాగితం నేను చదవాలి గదే" అంది. ఆ వారమే మా ఊరి రాత్రి బడికి వెళ్ళడం మొదలుపెట్టింది.

బీపీ మందు మొదలుపెట్టారు. ఆ మందుకు బీపీ తగ్గించడంతోపాటు కిడ్నీ జల్లెడను కాపాడే గుణం కూడా ఉందట. షుగరు మందు మార్చారు. ఆవకాయ జాడీ అటక ఎక్కింది. తొమ్మిది నెలల తర్వాత మళ్ళీ మూత్రం పరీక్ష చేయించాం. నేను కాగితం అందుకోబోతే అమ్మ ఇవ్వలేదు. తనే వేలు పెట్టి వరుసలు వెతికింది. మెల్లిగా కూడబలుక్కుంది.

"ఆరు... రెండు. అరవైరెండు. పోయినసారి నూటనలభై గదా? తగ్గింది."

తర్వాత పక్క అంకె చూసింది. "ముప్పై లోపు ఉండాలట. ఇంకా తగ్గాలి" అంది.

అమ్మ కన్ను పూర్తిగా బాగుపడలేదు. మచ్చలు కొన్ని ఉన్నాయి. ఆరు నెలలకొకసారి రమ్మన్నారు. ఎక్కువైతే లేజరు వెలుగుతోనో, కంటిలో వేసే ఇంజెక్షనుతోనో ఆపుతామన్నారు. ఇప్పటికైతే సూదిలోకి దారం ఎక్కించుకుంటోంది. మిషను తొక్కుతోంది.

అమ్మలారా, అక్కలారా! మీరు సంతకం నేర్చుకున్నారు. బస్సు మీద ఊరిపేరు చదువుతున్నారు. ఇక మీ ఒంటి కాగితం కూడా చదవండి. రేపు వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న పరీక్ష కాగితాలు తెచ్చుకోండి. దేవుడి పటం వెనకవి, బియ్యం డబ్బాలోవి, ట్రంకు పెట్టెలోవి, అన్నీ తెండి. అందరం కూర్చుని చదువుదాం. అంకె ఎక్కువున్న వాళ్ళం ఆదివారం దాటనివ్వకుండా, సోమవారమే ఆసుపత్రికి పోదాం. నేను తోడు వస్తాను.

సెలవు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. కంటి డాక్టరు మూత్రం పరీక్ష గురించి ఎందుకు అడిగారు?

2. మీ ఇంట్లో షుగరు ఉన్నవాళ్ళు కన్ను లోపల ఎప్పుడు చూపించుకున్నారు?

3. మీ ఊళ్ళో నొప్పి బిళ్ళలు ఎవరెవరు రోజూ వేసుకుంటున్నారు? వాళ్ళకు మీరేం చెప్తారు?

4. ఈ అంకెలు మీ నోటు పుస్తకంలో రాయండి: 126, 7, 130, 80, 30. ఒక్కొక్కటి దేనికో పక్కన రాయండి.